బొంత మీది పిల్లులు

కర్టెన్ల షాపు పై గది,
జూన్ మొదట్లో

వదినకు,

మీ మరదలు క్షేమం. రాయాలి కాబట్టి అలా రాశాను గానీ, క్షేమమంటే ఎలా ఉంటుందో ఇంకా అలవాటు కాలేదు. మీరు బస్సెక్కించిన రోజు నుంచి ఇవాళ్టిదాకా ఉత్తరం రాయడానికి చెయ్యి రాలేదు. ఫోను మీరు చెప్పినట్టే దారిలో పారేశాను. మీ ఫోనేమో మీ తమ్ముడు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చూస్తాడు. ఇక ఉత్తరాలే గతి. కవరు మీద మీ కళ్లజోళ్ల షాపు అడ్రసు రాశాను, చూసినవాళ్లు ఏ అద్దాల బిల్లో అనుకుంటారు.

ఇక్కడ కర్టెన్లు కుడుతున్నాను. కింద షాపు, పైన నా గది. ఓనరమ్మ మనసు మంచిది, నోరు పెద్దది. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల కిటికీలు మూయడమే నా పని. నా గదికున్న ఒక్క కిటికీకి రెండు తెరలు వేసుకున్నాను. మెట్ల మీద చప్పుడైతే చాలు, చేతిలో పని జారిపోతుంది. బట్టలు కోసే కత్తెర దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. నవ్వకండి.

ఇంకో సంగతి. షాపు వెనక లైనింగు గుడ్డల మూటల మధ్య ఒక నల్ల పిల్లి పిల్లల్ని పెట్టింది. ఓనరమ్మ కేకలకి వీధి వీధంతా పోగయింది. దిక్కులేని పిల్లుల్ని కాపాడేవాళ్లున్నారట, ఒకావిడ చిన్న వ్యాన్లో బుట్టలేసుకుని వచ్చింది. ఆవిణ్ణి అందరూ బుట్టలావిడ అంటారు. తల్లినీ రెండు కూనల్నీ తీసుకెళ్లి, టీకాలవీ వేయించి, ఎవరైనా పెంచుకుంటారేమో చూస్తుందట. కూనలకి ఇల్లు దొరుకుతుందిగానీ తల్లికి దొరకదంది. నల్లది, వయసొచ్చింది, పైగా పిరికిది. "పిరికి పిల్లిని ఎవరూ అడగరమ్మా, అందరికీ ఒళ్లో కూర్చునేది కావాలి" అంది. ఆ మాట నాకెక్కడో తగిలింది. మూడింటినీ నేనే పెంచుకుంటానని నోరు జారాను.

ఇచ్చేముందు గది చూడాలని పైకొచ్చింది. కిటికీ ఊచల మధ్య చెయ్యి పెట్టి చూసింది, తలుపు కింద సందు చూసింది. "ఇందులోంచి ఏదీ బయటికి పోవడానికి లేదు కదా?" అని అడిగింది. నేనేమో ఇన్నాళ్లూ ఇందులోంచి ఏది లోపలికి రాగలదా అని చూస్తున్నాను.

మన బెల్లం గుర్తొచ్చాడు. తలుపు తీసిపెట్టి నువ్వే వాణ్ణి పోగొట్టావని మీ తమ్ముడు నన్నెన్ని మాటలన్నాడో మీకు తెలుసు. ఒక పిల్లిని పోగొట్టినదాన్ని మూడింటిని తెచ్చుకోవచ్చా? మీరే చెప్పండి.

మీ మరదలు


కళ్లజోళ్ల షాపు,
జూన్ చివర

మరదలు పిల్లకు,

ఉత్తరం అందింది. అద్దాలు అరగదీసే మిషను ఆన్ చేసి, దాని వెనక నిలబడి చదివాను. ఆ మోతలో నేను ముక్కు చీదినా ఎవరికీ వినపడదు.

పిల్లుల్ని తెచ్చుకో. గదిలో నీ ఊపిరి కాక ఇంకో ఊపిరి వినపడాలి. బెల్లాన్ని నువ్వు పోగొట్టలేదు. ఆ మాట మళ్లీ రాయకు, రాస్తే ఒప్పుకోను.

వాడి సంగతి అడగలేదు గానీ అడగాలని నీకు ఉంటుంది. తెలిసిన ఇళ్లన్నీ తిరిగాడు. నన్నూ అడిగాడు, నాకేం తెలుసన్నాను. నా మొహంలో అబద్ధం పట్టుకోవడం వాడి తరం కాదు, చిన్నప్పుడు వాడి లెక్కల మార్కులు నాన్నకి తెలియకుండా కాపాడిన మొహమిది. ఎక్కడుంటున్నాడో ఏం తింటున్నాడో నాకు పట్టదు. నువ్వూ పట్టించుకోకు. పోలీసుల దగ్గరికి మాత్రం మళ్లీ వెళ్లకు. మనం వెళ్లినరోజు వాడికి కుర్చీ వేసి మనల్ని నిలబెట్టారు, ఆ కాళ్ల నొప్పి నాకింకా ఉంది.

బొంత కప్పుకుంటున్నావా? నీ సంచిలో దాన్ని కుక్కింది నేనే. నా పాత చీరలూ వాడి పాత చొక్కాలూ కలిపి ఎంత ముచ్చటగా కుట్టావో. వాడి నీలం గళ్ల చొక్కా ముక్కలు విప్పి పారేద్దామనుకున్నాను, బస్సుకి టైమైపోయింది. చలికి చొక్కా ఎవరిదైతేనేం అని వదిలేశాను.

మొన్న ఒకాయన వచ్చి, అక్షరాలు కనపడుతున్నాయి గానీ చదవడం రావట్లేదు, అద్దాలు మార్చమన్నాడు. చదువు అద్దాల్లో ఉండదు నాయనా అన్నాను. నవ్వుకో కాస్త.

వదిన


కర్టెన్ల షాపు పై గది,
ఆగస్టు

వదినకు,

మూడూ వచ్చేశాయి. తల్లి పేరు మసి. కూనల పేర్లు సూది, దారం. ఆ రెంటినీ విడదీసి ఇవ్వరట, అది వాళ్ల పద్ధతి.

కూనలు వచ్చిన గంటకే నా తెరలు పట్టుకుని వేలాడాయి. మసి మాత్రం మంచం కిందికి దూరి, గోడమూలకి అతుక్కుని, ఇక రాలేదు. నేను లేనప్పుడు తినేది, అడుగుల చప్పుడైతే మళ్లీ మూలకి. చెయ్యి పెట్టి లాగబోయాను. అది కరవలేదు వదినా, కళ్లు మూసుకుంది. కొట్టేదేదో కొట్టెయ్ అన్నట్టు కళ్లు మూసుకుని కూర్చుంది. నేను చెయ్యి వెనక్కి తీసుకుని, నేలమీద అలాగే కూలబడి ఏడ్చాను. అలా కళ్లు మూసుకోవడం నాకు బాగా తెలుసు.

బుట్టలావిడ ఎలా ఉండాలో నేర్పింది. లాగకూడదు. కళ్లల్లోకి చూడకూడదు. దానికి వీపు పెట్టి నేలమీద కూర్చోవాలి, మన తిండి మనం తినాలి, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి, దాంతో కాదు, ఊరికే. బయటికి రమ్మని పిలవకూడదు. రావాలనిపించినప్పుడు అదే వస్తుంది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం మంచానికి వీపు పెట్టి, ఓనరమ్మ మీద చాడీలన్నీ దానికి చెప్పాను. మొన్న సాయంత్రం చాడీ మధ్యలో ఉండగా నా మోకాలి పక్కనుంచి నల్లగా ఏదో కదిలింది. మసి నడుచుకుంటూ పోయి మీ బొంతెక్కి పడుకుంది. పిల్లలు రెండూ వెళ్లి దాని పొట్టలో దూరాయి. నేను ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.

ఆ సమయానికే బుట్టలావిడ పలకరించడానికొచ్చి, ఆ ముగ్గుర్నీ చూసి కళ్లనీళ్లు పెట్టుకుని ఫోటో తీసింది. ఇల్లు దొరికిన పిల్లుల ఫోటోలు వాళ్ల పేజీలో పెడతారట. అవి చూసే ఇంకో నలుగురు పెంచుకోవడానికి ముందుకొస్తారంది. నేను తెర వెనక్కి పోయి నిలబడ్డాను. నా మొహం పడలేదు, భయపడకండి.

కానీ భయం పోలేదు. పొద్దున ఎవరో మగమనిషి కింద షాపులో దగ్గితే, ఆ దగ్గు మీ తమ్ముడిదే అనిపించి మసితో పాటు నేనూ మంచం వైపు చూశాను.

మీ మరదలు


వంటగది,
ఆగస్టు చివర

మరదలు పిల్లకు,

ఆ ఫోటో వాళ్ల పేజీలోంచి తీయించెయ్. ఈ ఉత్తరం చేతికందిన నిమిషంలోనే వెళ్లి తీయించు.

రాత్రి వాడు అన్నం తింటూ ఫోను నా కంచం పక్కన పెట్టాడు. "అక్కా, పిల్లులు ఎంత ముద్దుగా ఉన్నాయో చూడు" అన్నాడు. పిల్లుల్ని చూడలేదు నేను, వాటి కింద ఉన్న నీలం గళ్లని చూశాను. దాని పక్కనే నా మామిడిపండు రంగు చీర అంచు. వాడు నా మొహాన్నే చూస్తున్నాడు. ఈసారి నా మొహం నాకు సాయం చేయలేదు.

నీ మొహం పడితేనేం, పడకపోతేనేం. నువ్వు పిల్లి లేకుండా ఉండలేవని వాడికి తెలుసు. నువ్వెళ్లిన దగ్గర్నుంచి ఏ ఊళ్లో పిల్లుల వాళ్లున్నా వాళ్ల పేజీలన్నీ కూర్చుని తిప్పుతున్నాడు. నేను ఏవో నవ్వుల వీడియోలనుకున్నాను.

నీకో అబద్ధం రాశాను. ఎక్కడుంటున్నాడో తెలీదన్నాను కదా. నువ్వెళ్లిన నెలలోనే నా ఇంటికొచ్చేశాడు. ఒక్కదానివి ఎందుకక్కా, నేను చూసుకుంటానన్నాడు. షాపు తాళాలు వాడి దగ్గరే ఉన్నాయి. నువ్వు బెంగపడతావని చెప్పలేదు.

ఆ పిల్లుల వాళ్లకి ఫోన్ చేశాడు. నా ఎదురుగానే, స్పీకరు పెట్టి చేశాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడని. పిల్లిని పెంచుకుంటానన్నాడు.

ఇకమీద షాపుకి రాయకు. ఇంటి పక్క మందుల షాపావిడ పేరు మీద రాయి, ఆవిడ తలుపు సందులోంచి అందిస్తానంది. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, కళ్లజోడు విరిగింది.

వదిన


కర్టెన్ల షాపు పై గది,
సెప్టెంబరు

వదినకు,

ఆ ఫోటో తీసేయించాను. మీ ఉత్తరం చదివి చెప్పులు కూడా వేసుకోకుండా బుట్టలావిడ కోసం పరిగెత్తాను.

ఆవిడ నన్ను చూసి నవ్వింది. "ఒకాయన రోజూ ఫోన్ చేస్తున్నాడమ్మా, ఎంత మంచాయనో. వాళ్ల పిల్లి తప్పిపోయిందట, ఆ దిగులు ఇంకా పోలేదట. నీ బొంత కూడా మెచ్చుకున్నాడు, ఎవరు కుట్టారని అడిగాడు" అంది. మీరేం చెప్పారని అడిగాను. "అడ్రసులు ఎప్పుడూ చెప్పం. కర్టెన్లు కుట్టే అమ్మాయి అని మాత్రం చెప్పాను" అంది.

ఈ ఊళ్లో కర్టెన్ల షాపులు ఎన్నుంటాయి వదినా? మాది కాక ఇంకోటి ఉంది, అది మూతబడింది.

అప్పుడు చెప్పాను. అంతా కాదు. "ఆయన మంచివాడు కాదు, ఆయన మా ఆయన" అని మాత్రం అన్నాను. మిగతాది నోట్లోంచి రాలేదు. ఆవిడ ఏమీ అడగలేదు. నా కళ్లల్లోకి కూడా చూడలేదు. పక్కకి తిరిగి కూర్చుని, బుట్టల్లో గుడ్డలు మారుస్తూ, పిల్లులు తినే తిండి ఎంత ఖరీదైపోయిందో మాట్లాడింది. నేను చెప్పగలిగినంతా మెల్లమెల్లగా చెప్పాను. చివర్లో మీ గురించీ చెప్పాను.

ఒక్కటి అడుగుతాను, తప్పించుకోకుండా చెప్పండి. కళ్లజోళ్ల షాపు యజమాని కళ్లజోడు లేకుండా ఎన్ని రోజులుంటుంది? మీకు చేతికందే దూరంలో ఫ్రేములన్నీ గోడకి వేలాడుతుంటాయి. అంటే మిమ్మల్ని షాపుకి వెళ్లనివ్వట్లేదా? ఆ కళ్లజోడు దానంతటదే విరిగిందా? నన్ను బస్సెక్కించి, నా చోట్లో మీరు నిలబడ్డారు. ఆ సంగతి ఇన్ని నెలలు నాకు తట్టనే లేదు.

బుట్టలావిడ ఒక ఉపాయం చెప్పింది. ఎవరికి పిల్లినివ్వాలన్నా ముందు వాళ్లింటికి వెళ్లి చూస్తారు కదా. "ఇల్లు చూడటానికి ఫలానా రోజు వస్తాం, ఆ రోజుదాకా ఇంట్లోనే ఉండండి, మేం చెప్పకుండా కూడా రావచ్చు అని ఆయనకి చెబుతాను. కదలకుండా కూర్చుంటాడు" అంది. ఈలోగా నన్ను ఇక్కణ్ణుంచి మార్చేస్తుంది. వాళ్ల పిల్లులుండే ఇళ్ల అడ్రసులు ఎవరికీ చెప్పరట, తెలిస్తే జనం పిల్లి కూనల్ని తెచ్చి గుమ్మంలో వదిలేసి పోతారట. అలాంటి ఇంటికి. ఓనరమ్మకి కూడా ఎక్కడో చెప్పట్లేదు, కుట్టాల్సిన గుడ్డలు వ్యానులో వస్తాయి.

ఇల్లు చూడటానికి వేరే ఎవర్నీ పంపదట, తనే వస్తుందట. చాలా దూరం కదా అంటే, "ఇంకో పిల్లి ఉందని చెప్పావుగా అక్కడ" అంది. నాకు మొదట అర్థం కాలేదు.

వదినా, ఆవిడ వచ్చినప్పుడు ఒక్కమాట చెప్పండి చాలు. ఏ మాటైనా సరే.

మీ మరదలు


అడ్రసు రాయొద్దన్న ఇల్లు,
సెప్టెంబరు చివర

మరదలు పిల్లకు,

బతికే ఉన్నాను. వెనక గదిలో ఉంచారు. గోడకి అటువైపు పిల్లులు ఎగరడం వినపడుతోంది. బుట్టలావిడ ఈ ఉత్తరం నీకిస్తానంది. మనిద్దరం ఒక ఊళ్లోనే ఉన్నామట, అయినా వెంటనే కలవనివ్వదట. కొత్తగా తెచ్చినదాన్ని ముందు కొన్నాళ్లు వేరే గదిలో ఉంచి, వెనకాల ఏ జబ్బూ రాలేదని చూసుకున్నాకే పాతవాటితో కలుపుతారట. నా వెనకాల రాగల జబ్బు ఏమిటో మనిద్దరికీ తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాను.

జరిగింది చెబుతాను. వాడు ఆ రోజు పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. పిల్లికి కొత్త గిన్నె కొని తెచ్చి వంటగదిలో పెట్టాడు. నాకు ఉతికిన చీర తీసిచ్చాడు, పొడుగు చేతుల జాకెట్టు వేసుకోమన్నాడు. సోఫాలో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

ఆవిడ మామూలుగానే వచ్చింది, చేతిలో ఖాళీ బుట్ట. కిటికీలు చూసింది, దొడ్డి తలుపు చూసింది. నా గది దగ్గర కాస్త ఆగింది. ఆ గదికి గడియ బయటివైపు ఉంది. అది జూలైలో బిగించాడు. అది చూసి, వచ్చి కుర్చీలో కూర్చుంది. వాడు టీ తెచ్చిచ్చాడు, జోకులేశాడు, ఆవిడ నవ్వింది కూడా. ఆవిణ్ణీ బుట్టలో వేసేసుకున్నాడనుకున్నాను.

"ఇదివరకు పిల్లిని పెంచారా?" అని అడిగింది. "పెంచామండీ, మా ఆవిడ అజాగ్రత్తవల్ల తప్పిపోయింది" అన్నాడు వాడు. "ఇంట్లో అందర్నీ అడగడం మా పద్ధతి. మీరు చెప్పండమ్మా, ఈ ఇంటికి పిల్లినివ్వొచ్చా?" అని నావైపు తిరిగింది.

వాడి చెయ్యి నా మోచేతి మీద ఉంది. కళ్లజోడు లేదు కదా, నాకు ఆవిడ మొహం కనపడట్లేదు, వాడిదీ కనపడట్లేదు. ఇద్దరూ రెండు మసక మరకలు. కనపడి ఉంటే నోరు పెగిలేది కాదు. "ఇవ్వకండి" అన్నాను. "పిల్లి తప్పిపోలేదు. వీడే గోనెసంచిలో వేసి తీసుకెళ్లాడు. ఆ సంచి తెచ్చి నాకిస్తే నేనే ఉతికాను. ఈ ఇంటికి ఏ పిల్లినీ ఇవ్వకండి" అన్నాను.

అదీ బెల్లం సంగతి. నీకు చెప్పలేకపోయాను.

వాడు పెద్దగా నవ్వాడు, మా అక్కకి ఈ మధ్య మతి సరిగా లేదన్నాడు. ఆవిడ లేచింది. "సరేనండీ, ఆలోచించి చెబుతాం. అమ్మా, ఈ బుట్ట వ్యానుదాకా పట్టుకొస్తారా, నా నడుం బాగాలేదు" అంది. ఖాళీ బుట్ట అది. నేను దాని రెండో పిడి పట్టుకుని లేచాను. వాడు నా వెనకే గుమ్మందాకా వచ్చాడు. గుమ్మం బయట మందుల షాపావిడ, వాళ్లాయన, మా షాపులో పనిచేసేవాళ్లు, ఇంకా ఎవరెవరో నిలబడి ఉన్నారట, బుట్టలావిడే ముందు వాళ్లకి చెప్పి వచ్చిందట. నాకు రంగులు మాత్రమే కనపడ్డాయి. వాళ్లని చూసి వాడు గుమ్మంలోనే ఆగాడు. "అక్కా, తొందరగా రా" అన్నాడు, ఎంతో ప్రేమగా. నేను వ్యానెక్కి బుట్టల మధ్య కూర్చున్నాను. ఊరు దాటేదాకా ఆవిడ నాతో కాదు, తనలో తను పిల్లుల తిండి ఖరీదు గురించి మాట్లాడుకుంటూనే ఉంది.

వాడు ఊరుకోడు. సంచి ఉతికిన చేతుల్ని నువ్వు చూడాలనుకుంటావో లేదో కూడా నాకు తెలీదు. వద్దనుకుంటే చెప్పు, ఇక్కడే ఉంటాను.

వదిన


ఇక్కడే, బల్ల మీద,
అక్టోబరు

వదినకు,

ఒకే గదిలో ఉండి ఉత్తరమేంటనుకోకండి. మీరు పడుకుని ఉన్నారు, లేపాలనిపించలేదు. మీరు వచ్చి ఇన్నాళ్లయినా గోడవైపు తిరిగే పడుకుంటున్నారు. నేను లేనప్పుడు తింటున్నారు, నా అడుగుల చప్పుడైతే దుప్పటి లాక్కుంటున్నారు. లేవమని నేను అడగను.

నిన్న చెప్పని సంగతొకటి ఉంది, చెప్పకుండా దాచే అలవాటు మనిద్దరం మానాలి కాబట్టి రాస్తున్నాను. మీ తమ్ముడు కర్టెన్ల షాపుకి వచ్చాడట. బొంత కుట్టే అమ్మాయి ఎక్కడని ఓనరమ్మని మర్యాదగా అడిగాడట. మసిని చూసినరోజు వేసిన కేకల కంటే పెద్ద కేకలేసిందట ఆవిడ. వీధంతా పోగయ్యేసరికి ఆయన మెల్లగా జారుకున్నాడట. మళ్లీ రావచ్చు. ఈ ఇల్లు ఆయనకి తెలీదు. బుట్టలావిడ తనకి తెలిసిన వకీలమ్మని తీసుకొస్తానంది. ఈసారి పోలీసుల దగ్గరికి వెళ్లినప్పుడు కుర్చీ మనకే వేయిస్తుందట. నాకు భయంగానే ఉంది. మీకూ ఉంటుంది. ఉండనివ్వండి.

బెల్లం గురించి మీరు రాసింది చదివి మీమీద కోపమొచ్చింది. ఇంకా ఉంది. ఆ సంచి తలుచుకుంటే అన్నం సహించట్లేదు. కానీ ఒకటి చెప్పాలి. కోపమొచ్చిన మనిషి పక్కన నిద్రపోవడం నాకిదే మొదటిసారి, హాయిగా నిద్ర పట్టింది. మీమీద నాకు కోపం ఉంది, భయం లేదు. మీరు ఇక్కడే ఉండండి.

మీ దిండు కింద తగిలేది నా కత్తెర, కంగారుపడకండి. మసి మీ మంచం కిందే ఉంది. కొత్త చోటు కదా, దానికీ మళ్లీ మొదట్నుంచీ రావాలి. చెయ్యి పెట్టి లాగకండి. కళ్లజోడొకటి బల్ల మీద పెట్టాను. మీ పవరెంతో తెలీక, బజార్లో రెడీమేడ్‌గా దొరికినవాటిలో కాస్త పెద్దది తెచ్చాను. పెట్టుకోవాలనిపించినప్పుడు పెట్టుకోండి. నేను పక్క గదిలో కుట్టుకుంటున్నాను.

మీ మరదలు


అదే కాగితం వెనక

మరదలు పిల్లకు,

కళ్లజోడు పవరు తప్పు. ఫ్రేము ఇంకా అన్యాయం, ఇలాంటివి మా షాపులో ఉచితంగా ఇచ్చినా తీసుకోరు. నన్నడిగి కొనాల్సింది.

మసి నా పాదాల మీదికెక్కి పడుకుంది, కదలడానికి లేదు. కోపం తీరేదాకా ఉంచుకో, నేనెక్కడికీ పోను. దీంతో నీ అక్షరాలు బాగానే కనపడుతున్నాయి గానీ దూరానివి కనపడట్లేదు. అయినా మెడ సాచి చూశాను. తలుపు గడియ కనపడింది. లోపలివైపు ఉంది.

వదిన